హైవే మీదికొచ్చిన సముద్రం

సరంగు ఇంజను ఆపేస్తాడు. ఇంతసేపూ నీళ్లను చీల్చుకుంటూ వచ్చిన పడవ ఒక్కసారిగా అటూ ఇటూ ఒరగడం మొదలుపెడుతుంది. మీరు అంచు పట్టుకుని నిలదొక్కుకుంటారు. వెనక విశాఖపట్నం పొద్దుటి మంచులో మసకగా ఉంది. డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చోటు మాత్రం నల్లగా, తేటగా కనిపిస్తోంది. ఎదురుగా నాలుగు బారల దూరంలో పసుపుపచ్చ గోళం ఒకటి తేలుతోంది. అడ్డంగా కొలిస్తే మీటరుకు కాస్త తక్కువ ఉంటుంది. నెత్తిన సన్నటి యాంటెన్నా, ఒక దీపం. అల వస్తే లేస్తుంది, అల దాటితే దిగుతుంది. వేవ్ రైడర్ బోయా అంటారు దీన్ని.

"గట్టిగా పట్టుకోండి బాబూ, కెరటం వస్తంది" అంటాడు సరంగు, అటువైపు చూడకుండానే. ఆయనకు పాదాల్లోంచే తెలిసిపోతుంది. మీకు మాత్రం కడుపులో తిప్పినట్టయ్యాకే తెలుస్తుంది.

కొక్కెం కర్రతో బోయాను ఒడుపుగా లాగి పడవ పక్కకు చేరుస్తారు. దగ్గర్నుంచి చూస్తే పైన ఎండకు వెలిసిన పసుపు రంగు, నీటి గీత దగ్గర పచ్చటి నాచు, దాని కిందుగా ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్న తెల్లటి గుల్లలు. కుర్రాడొకడు పొట్ట మీద పడుకుని, చేతులు కిందికి చాచి వాటిని గీకుతున్నాడు. మీరూ ఒక చెయ్యి వేస్తారు. గుల్ల అంత తేలిగ్గా ఊడదు, ఊడినప్పుడు టక్కుమంటుంది. దాని అంచు వేలికి గీసుకుని, ఉప్పునీరు తగిలి చురుక్కుమంటుంది. గుల్లల బరువు పెరిగే కొద్దీ బోయా అలతో పాటు తేలిగ్గా ఆడలేదు. అందుకే ఇంత కష్టపడి గీకడం.

బోయా లోపల జరిగేది ఇది. ద్రవం నింపిన ఒక గోళంలో చిన్న పళ్లెం వేలాడుతూ ఉంటుంది. ఆ పళ్లెం ఒకసారి ఊగి రావడానికి 40 సెకన్లు పడుతుంది. అలలేమో అయిదుకో, పదికో, పదిహేను సెకన్లకో ఒకటి చొప్పున వచ్చిపోతుంటాయి. కాబట్టి బోయా ఎంత ఒరిగినా పళ్లెం దాదాపు సమంగానే నిలుస్తుంది. దాని మీద త్వరణాన్ని పట్టే పరికరం ఉంటుంది. పైకి ఎంత జోరుగా తోసింది, కిందికి ఎంత జోరుగా జారింది అన్నది సెకనుకు కొన్నిసార్లు రాసుకుంటుంది. ఆ త్వరణాలను కూడుకుంటూ పోతే వేగం వస్తుంది, వేగాలను కూడుకుంటూ పోతే ఎత్తు వస్తుంది. ఉత్తర దక్షిణాల కదలికనూ తూర్పు పడమరల కదలికనూ దిక్సూచితో కలిపి చూస్తే అల ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. నడిసముద్రంలో కర్ర పాతి ఎత్తు కొలవలేని చోట, ఏ ఆధారమూ లేకుండా, కదలికనే ఆధారం చేసుకుని కొలవడం ఇందులోని గొప్పతనం. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అడుగున లంగరు బరువు, దానికి గొలుసు, గొలుసుకు తాడు, తాడుకు పైన బాగా సాగే రబ్బరు మోకు. మేతకు విడిచిన బర్రెకు కట్టే పొడుగు పలుపు లాంటిదే ఇదీ. పక్క చేనిలోకి పోనివ్వదు, తిరగనిచ్చినంత మేరా తిరగనిస్తుంది. తాడు బిర్రుగా ఉంటే పెద్ద అల వచ్చినప్పుడు బోయా దాని నెత్తి దాకా లేవలేక మునిగిపోతుంది, అల ఎత్తు తక్కువగా నమోదవుతుంది. అందుకే ఆ రబ్బరు.

ఈ రకం బోయాలు చేసే డేటావెల్ కంపెనీ 1961లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. అంతకు ఎనిమిదేళ్ల కిందట, 1953లో, ఉత్తర సముద్రం కట్టలు తెంచుకుని ఆ దేశం మీద పడితే 1,800 మందికి పైగా చనిపోయారు. దెబ్బ తిన్న దేశం సముద్రాన్ని కొలవడం నేర్చుకుంది. మన దెబ్బ 1977 నవంబరు 19న దివిసీమలో తగిలింది. ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది, పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ రోజు బంగాళాఖాతంలో మనకంటూ కాపలా బోయా ఒక్కటి కూడా లేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లోతు సముద్రంలో బోయాలు కట్టడం మొదలుపెట్టేసరికి మరో ఇరవై ఏళ్లు గడిచాయి.

కుర్రాడు చేతులు కడుక్కుని లేస్తాడు. బోయాను వదిలేస్తారు. అది రెండుసార్లు గట్టిగా ఊగి సర్దుకుంటుంది. రాత్రి అయితే దాని దీపం అయిదుసార్లు వెలిగి, కాసేపు ఆగి, మళ్లీ అయిదుసార్లు వెలుగుతుంది. వలలు వేసుకునేవాళ్లకు అది గుర్తు. తెలియనివాళ్లు దానికే పడవ కట్టేస్తారు, తెలిసి కూడా కొందరు పరికరాలు ఊడబీకుతారు. బోయా నీడన చేపలు చేరతాయి, చేపల కోసం వలలు వస్తాయి, వలలకు తాడు తెగుతుంది. తుపానుల కన్నా ఇలా పోయిన బోయాల మాట వింటేనే నాకు మనసు కలుక్కుమంటుంది. ఎందుకంటే బోయా పోతే ముందుగా నష్టపోయేది ఆ వల వేసినవాడే.

అరగంటకోసారి బోయా తన లెక్క పంపుతుంది. అలలు ఎనిమిది సెకన్లకొకటి వస్తున్నాయనుకోండి, అరగంటలో 225 అలలు. వాటిని ఎత్తును బట్టి వరసపెట్టి, పెద్దవి 75 తీసి సగటు కట్టినంత అంకె వస్తుంది. చాలాకాలం సముద్రం మీద గడిపిన మనిషి కంటిచూపుతో 'ఈ రోజు కెరటం ఇంత' అని చెప్పే ఎత్తు దీనికి దగ్గరగా ఉంటుంది. బులెటిన్‌లో 'అలల ఎత్తు 2 మీటర్లు' అని చదివితే అది ఈ సగటే. అన్ని అలలూ రెండు మీటర్ల లోపే అని కాదు. మధ్యలో ఒకటి దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు, పడవను తిరగెయ్యడానికి ఆ ఒక్కటి చాలు. బులెటిన్లు ఈ ముక్కను ప్రతిసారీ పెద్దక్షరాలతో చెప్పాలని నా పట్టు.

ఎత్తు ఒక్కటే చాలదు, ఎన్ని సెకన్లకొకటి అన్నదీ చూడాలి. గాలే లేని రోజున, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, పదహారు సెకన్లకొకటి చొప్పున పొడుగాటి అలలు దక్షిణం నుంచి వస్తున్నాయంటే, అవి ఆరేడు రోజుల కిందట అంటార్కిటికా వైపు ఎక్కడో పుట్టిన తుపాను అలలు. రోజుకు వెయ్యి కిలోమీటర్ల పైన నడిచి వస్తాయి. ఒడ్డున ఉన్నవాడికి కనిపించే కారణం ఏదీ ఉండదు. బోయాకు మాత్రం అవి వేరుగా తెలుస్తాయి.

అక్కడి నుంచి ఆ అంకెలు సముద్రం లేని ఊరికి వెళతాయి. హైదరాబాద్ శివారు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో ఏర్పడింది. సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి ఇక్కడే పనిచేస్తోంది. తెరల ముందు నిలబడితే తీరం పొడుగునా ఉన్న బోయాల గీతలు అరగంటకోసారి ఒక అడుగు ముందుకు జరుగుతుంటాయి. పక్కన కంప్యూటరు నమూనా చెప్పిన గీత. రెండూ కలిసి నడుస్తుంటే రేపటి అంచనాను నమ్మొచ్చు. విడిపోతే నమూనాలో గాలి లెక్క ఎక్కడో తప్పిందన్నమాట. అంచనా ఎంత పెద్ద యంత్రం చెప్పినా, నిజమో కాదో తేల్చేది నీళ్లలో ఊగుతున్న ఆ గోళమే.

లోతు సముద్రంలో ఉండే బోయాలు వేరు. రెండు మీటర్ల పైన వెడల్పున్న పళ్లేల్లాంటివి, వేల మీటర్ల తాడుతో అడుగుకు కట్టి ఉంటాయి. వాటిని దింపడానికి సాగర్ మంజూష లాంటి ఓడ కావాలి. అవి గాలి, పీడనం, ప్రవాహంతో పాటు 500 మీటర్ల లోతు దాకా నీటి వేడినీ ఉప్పునీ కొలుస్తాయి. ఉప్పు ఎందుకంటారా? గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అన్నీ బంగాళాఖాతంలోకే వచ్చి పడతాయి. ఆ మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పలచటి పొరలా పరుచుకుంటుంది. పొర పలచన కాబట్టి ఎండకు త్వరగా వేడెక్కుతుంది, కింది చల్లటి నీరు పైకి రాదు. ఆ వేడి వాయుగుండాలకు మేత. గంగ, బ్రహ్మపుత్రలదే పెద్ద పాలు. కానీ సూర్యాపేట పక్కనుంచి పారే మూసీ నీళ్లు కూడా కృష్ణలో కలిసి చివరికి ఆ పొరలోకే చేరతాయి.

2024 ఆగస్టు 31, శనివారం. పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో వాయుగుండం. చేపలవేటకు వెళ్లొద్దని హెచ్చరికలు వచ్చాయి, పడవలు ఒడ్డెక్కాయి. మీరు ఆ రాత్రి విజయవాడ బస్సులో ఉన్నారు. 65వ నంబరు జాతీయ రహదారి. పుణేలో మొదలై, హైదరాబాద్ మీదుగా సూర్యాపేట, కోదాడ, విజయవాడ దాటి మచిలీపట్నంలో సముద్రం దగ్గర ఆగుతుంది.

సూర్యాపేటలో బస్సు ఆగినప్పుడు వాన ఏటవాలుగా కొడుతోంది. బస్టాండులో టీ కొట్టు పట్టా మీద నీళ్లు బరువెక్కి కిందికి వేలాడుతున్నాయి, కొట్టాయన కర్రతో పైకి పొడిస్తే భళ్లున ఒక్కసారే కారుతున్నాయి. టీ గ్లాసులో రెండు చినుకులు పడతాయి.

"ముందుకు పోతదా అన్నా?" అని మీ పక్కాయన డ్రైవర్‌ను అడుగుతాడు.

"కోదాడ దాక పోతం. అవతల సంగతి అక్కడ చూద్దాం."

దురాజ్‌పల్లి దాటాక అద్దం మీద వైపర్లు తుడిచింది తుడిచినట్టే మళ్లీ మూసుకుపోతోంది. ఎదురొచ్చే లారీల లైట్లు నీళ్లలో పగిలి కనిపిస్తున్నాయి. సముద్రం ఇక్కడికి రోడ్డు మీద 200 కిలోమీటర్ల పైమాటే. అయినా ఈ గాలికి ఉన్న జిగట, ఒంటికి అంటుకునే తడి, ఇవి ఇక్కడివి కావు. సరిగ్గా ఈ రాత్రే, అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర, రెండున్నర మధ్య, ఆ వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తీరం దాటిన చోటు మీకు వందల కిలోమీటర్ల దూరంలో ఉత్తరాంధ్రలో ఉంది. వాన మాత్రం కోదాడ మీద, ఖమ్మం మీద, మహబూబాబాద్ మీద, విజయవాడ మీద పడింది. వాయుగుండం అంటే నడిమధ్య చుక్క కాదు. దాని చుట్టూ తిరిగే మబ్బుల పట్టీలకు సముద్రం తేమ అందిస్తూనే ఉంటుంది, ఆ పట్టీ ఎవరి నెత్తిన ఆగితే వాళ్ల పని అయిపోతుంది.

కోదాడలో బస్సు ఆగింది, మళ్లీ కదల్లేదు. కరెంటు పోయింది. బస్టాండు దగ్గరి లాడ్జిలో కిటికీ పక్కన పడుకుంటే, రేకుల మీద వాన చప్పుడు ఎంతకీ తగ్గదు, పెరగదు, ఒకే స్థాయిలో గంటల తరబడి. తెల్లవారేసరికి ఆ చప్పుడు కింద ఇంకొకటి వినిపిస్తుంది. నీళ్ల ఒరిపిడి. మెట్లు దిగితే చివరి మెట్టు లేదు. వీధిలో బురద రంగు నీరు ఒకే వైపు పారుతోంది. చెప్పులు, గ్యాస్ బండ, ప్లాస్టిక్ కుర్చీ కొట్టుకుపోతున్నాయి. ఒకావిడ పిల్లాడిని భుజాన వేసుకుని, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ వస్తుంటే ఎదురింటి కుర్రాడు "అక్కా, అటు కాల్వ ఉంది, ఇటు రా!" అని అరుస్తాడు. ఏది రోడ్డో ఏది కాలువో ఆ ఊరి మనిషికి కూడా గుర్తు తెలియని స్థితి. ఆ వరదలో కోదాడలో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కార్లు బొమ్మల్లా కొట్టుకుపోయాయి.

ఆదివారమంతా వార్తలు ఒకదాని వెనక ఒకటి. పాలేరు పొంగింది, రాష్ట్రాల సరిహద్దు దగ్గర హైవే తెగింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు రోడ్డెక్కింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జున సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్ల కప్పుల దాకా. విజయవాడలో బుడమేరు. హైవే మీద లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. గండి వార్త విన్న రైతు ఒకాయన హోటల్ అరుగు మీద కూర్చుని, "నీళ్లెక్కువై మునిగిన పొలానికి రేపట్నుంచి నీళ్లుండవు" అంటాడు. అక్కడున్నవాళ్లెవరూ మాట్లాడరు. కాలువ తెగితే వరద తీశాక వరికి తడి ఉండదని అందరికీ తెలుసు.

ఇక్కడే నాకు మింగుడుపడని సంగతి ఉంది. ఎక్కడో బంగాళాఖాతంలో అల ఎంత ఎత్తు లేచిందో అరగంటకోసారి మనకు తెలుస్తోంది. అది తెలియడం వల్ల పడవలు ఒడ్డెక్కాయి, సముద్రం మీద మనుషులు బతికారు. అదే వాయుగుండం వాన మీద వాన గుమ్మరిస్తున్న రాత్రి, కోదాడలో కారు తాళం తిప్పుతున్న మనిషికి ముందున్న కల్వర్టు మీద నీళ్లు మోకాలి లోతో, రొమ్ము లోతో చెప్పే దిక్కు లేదు. కేంద్ర జల సంఘం వాళ్లు పాలేరు వంతెన దగ్గర నీటిమట్టం చూస్తారు, మూసీ మీద దామరచర్ల దగ్గర చూస్తారు. వరదల్లో రాత్రిళ్లు గొడుగు పట్టుకుని, టార్చి వేసి గేజి మీద గీతలు చదివి పంపే ఆ ఉద్యోగులంటే నాకు ఎంతో గౌరవం. కానీ అవి పెద్ద వాగుల లెక్కలు. ఊళ్లోంచి పోయే చెరువు అలుగు కాలువకు, రెండు వీధులను కలిపే కల్వర్టుకు కొలత లేదు. వంతెన కింద బిగించి నీటి ఎత్తును పట్టి పంపే రాడార్ పరికరాలు ఇప్పుడు కొత్తేమీ కాదు. సముద్రంలో గుల్లలు గీకి, రబ్బరు మోకు మార్చి, తెగిపోతే మళ్లీ కట్టి, ఇంత ఓపికగా కాపలా కాయగలిగిన దేశం, ఊరి కల్వర్టుకు ఒక కన్ను పెట్టలేదా? పెట్టగలదు. పెట్టాలి. కోదాడ పెద్ద చెరువు అలుగు దగ్గర మొదలుపెట్టమని అడుగుతాను నేను.

సోమవారం తెల్లవారుజామున డ్రైవర్ అందరినీ లేపుతాడు. "హుజూర్‌నగర్ మీంచి మిర్యాలగూడ పోయి, ఆడికెల్లి గుంటూరు పోతం. దిగేటోళ్లు దిగండి." ఎవరూ దిగరు. తడిసిన సీట్ల వాసన, ఆరని చొక్కాల వాసన. రోడ్డుకు రెండు పక్కలా వరిపొలాలు కొన్ని చోట్ల పచ్చగా తలెత్తి ఉన్నాయి, కొన్ని చోట్ల గట్ల కొసలు మాత్రమే తేలి ఉన్నాయి. నేరేడుచర్ల దాటాక వాన సన్నగిల్లుతుంది. మిర్యాలగూడ దగ్గర పడుతుంటే రైస్ మిల్లుల పొగగొట్టాలు, ఉడికిన వడ్ల వాసన. లారీలు బారులు తీరి ఉన్నాయి, హైదరాబాద్ నుంచి విజయవాడ పోవాల్సిన బండ్లన్నీ నార్కట్‌పల్లి, నల్లగొండ మీదుగా ఇటే తిరిగాయి. క్లీనర్లు రోడ్డు పక్కన స్టౌ వెలిగించి అన్నం వండుకుంటున్నారు. తీరం వైపు పోవాల్సిన లోడ్లు ఎన్ని ఇక్కడ చిక్కుకున్నాయో లెక్కపెట్టడం మీ వల్ల కాదు.

వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. వంతెన ఇవతల పోలీసులు బండ్లను ఒక్కొక్కటిగా వదులుతున్నారు. మీరు కిటికీలోంచి తల బయట పెడతారు. సాగర్ గేట్లు ఎత్తి ఉన్నాయి. ఎడమ పక్క మూసీ నల్లగా, కృష్ణ ఎర్రగా వచ్చి, కొంత దూరం కలవకుండా పక్కపక్కనే పోతున్నాయి. అలలు లేవు. నీరు ఉబ్బి, నడుమ కాస్త ఎత్తుగా, చప్పుడు చేయకుండా జారుతోంది. దిగువన ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ రోజు ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ బ్యారేజీ చరిత్రలో అంత నీరు అంతకు ముందు నమోదు కాలేదు.

వంతెన దాటితే పొందుగల, ఆంధ్రప్రదేశ్. కండక్టరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో అరిచి మాట్లాడి, ఆపేస్తాడు.

"విజయవాడ ఎన్నింటికి చేరతమన్నా?" మీ పక్కాయన మళ్లీ అడుగుతాడు. వాళ్లావిడ, పిల్లలు బుడమేరు నీళ్లలో మునిగిన సింగ్‌నగర్‌లో ఉన్నారు. రాత్రి నుంచీ ఫోను కలవడం లేదు.

"పిడుగురాళ్ల దాటినంక చెప్తా" అంటాడు కండక్టరు. తర్వాత, "మా తమ్ముడు కూడా ఆడనే ఉన్నడు" అని, వచ్చి ఆయన పక్కన కూర్చుంటాడు.